అవ్వ వినదనుకున్న ప్రార్థన

పోయిన నెల మా అవ్వ చనిపోయాక పెట్టిన ఆదరణ కూటంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఇంటి ముందు టెంటు వేసి, ప్లాస్టిక్ కుర్చీలు పరిచి, మైకు పెట్టారు. కొత్తగా వచ్చిన పాస్టరు నాకంటే ఐదారేళ్లు చిన్నవాడు. అవ్వను నాలుగైదుసార్లకు మించి చూసి ఉండడు. అయినా చాలా బాగా మాట్లాడాడు. పొయ్యి దగ్గర, రాట్నం దగ్గర, చివరికి మంచంలో కూడా దేవుడు తన పక్కనే ఉన్నాడని ఎరిగి బతికిన మనిషి అన్నాడు. అలాంటి మనిషి పెంచిన బిడ్డ రెండు మాటలు చెప్పాలని మైకు నా చేతికిచ్చాడు. నేను లేచి, "మా అవ్వ రోజంతా దేవుడితో మాట్లాడేది. అది నిజం" అని కూర్చున్నాను. ఏడుపు వచ్చి ఆగిపోయాననుకుని పక్కనున్న ఆవిడ నా వీపు నిమిరింది. నాకు ఏడుపు రాలేదు. మిగతా మాట మైకులో చెప్పేది కాదు, అంతే. కానీ ఆ చెప్పని మాట నల్లగొండలో నా ఇంటికి వచ్చాక కూడా నన్ను సతాయిస్తూనే ఉంది. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. అవ్వను మంచిదనుకుంటున్న వాళ్లు అలాగే అనుకోవచ్చు. మంచిదే. నన్ను మోసం చేసింది కూడా ఆ మంచి మనిషే.

మాది నార్కట్‌పల్లి నుంచి ఆటోలో అరగంట దూరం ఉండే ఊరు. మా వాడలో ఇంటింటికీ మగ్గమే. పొద్దున్నే ఒక ఇంట్లో గంజి ఉడికే వాసన, ఇంకో ఇంట్లో రంగు నీళ్ల ఘాటు, వాటి మధ్య ఎవరో సర్వపిండి కాలుస్తున్న నూనె వాసన, ఇవన్నీ కలిసి మా బజారు వాసన. బాపు చీరలు నేసేవాడు. ఇల్లు రెండు గదులు. ముందు గదిలో మగ్గం గుంట, దాని పైన గోడకు మార్కండేయుడి పటం. వెనక గదిని సగం గోడతో రెండు చేసి ఒకవైపు వంట, ఇంకోవైపు నూలు పని. అమ్మ నాకు ఏడేళ్లప్పుడు పోయింది. నల్లగొండ దవాఖానలో అమ్మ పక్కన కూర్చున్నది ఆమె అత్త, మా అవ్వే. అమ్మ పోయిన తెల్లవారి, శవాన్ని ఇచ్చేదాకా వరండాలో ఒక్కతే కూర్చుని ఉంటే ఒక నర్సు వచ్చి పక్కన కూర్చుందట. చాయ్ తాగించి, "ఒక్కదాన్నే అనుకోకు అవ్వా, యేసయ్య ఇక్కడనే ఉన్నడు, మాట్లాడు" అన్నదట. అవ్వ అక్కడే మొదలుపెట్టింది. ఆ నర్సు పేరు కూడా అడగలేదు. తర్వాత మా అవ్వ మాట్లాడడం ఆపలేదు, ఆపిన రోజు దాకా.

ఆమె ప్రార్థన చేస్తుంటే ప్రార్థన అని కొత్తవాళ్లకు తెలిసేది కాదు. కళ్లు మూసేది కాదు, మోకాళ్ల మీద ఉండేది కాదు. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె మోకాళ్లను ఎప్పుడో బిగించేసింది. పొయ్యి ముట్టిస్తూ, "ఇగో యేసయ్యా, ముట్టించిన. పొగ వస్తాంది, జర అటు జరుగు" అనేది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "నీ కండ్లు మంచిగుంటయి, నాకు కనవడని రాయి నువ్వు సూడు" అనేది. చాప పరిచి కూర్చునేటప్పుడు కాస్త పక్కకు జరిగి జాగా ఇచ్చేది. నేను ఆ జాగాలో చతికిలబడబోతే, "ఆయన కూసున్నడు, కనవడ్తలేడా" అని సగం నవ్వుతూ నా చెవి మెలిపెట్టేది. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, "నిద్రవట్టిందయ్యా, ఏమనుకోకు. యాడిదాక చెప్పిన?" అని మళ్లీ అందుకునేది. బాపు మతం మార్చుకోలేదు, అవ్వను ఏమీ అనలేదు కూడా. మగ్గం మీద నుంచి ఆటపట్టించేవాడు. "మన ఇంట్ల కిరాయి కట్టనోడు ఒకడు దిగిండు బిడ్డా. ఎల్లగొట్టుదామంటే మా అవ్వ ఊకోదు" అనేవాడు. అవ్వ లోపలి నుంచే, "ఇన్నవా యేసయ్యా, నా కొడుకు నిన్ను కిరాయి అడుగుతున్నడు" అని ఫిర్యాదు చేసేది. చిన్నప్పుడు మా ఇంట్లో నవ్వు ఉండేదంటే ఎక్కువ ఇలాంటి నవ్వే.

నాకు నేర్పింది కూడా అలాగే. పొద్దున లేచి అరగంట ప్రార్థన, పడుకునేటప్పుడు అరగంట ప్రార్థన, ఇలాంటి లెక్క ఆమెకు నచ్చదు. "గంటకొకసారి పలకరిస్తే సుట్టమైతడు. ఇంట్లనే ఉన్నోనితోని గట్ల ఉంటమా?" అనేది. మనసులో అనుకుంటే చాలదా అని నేనొకసారి అడిగాను. "మనసుల అనుకునేది ఆలోచన బిడ్డా. నోటితోని అంటెనే పక్కన మనిషి ఉన్నట్టు. నోరు మూస్తివా, కొద్దిసేపట్ల ఆయనను మర్సిపోతవ్" అంది. అప్పటి నుంచి నేను కూడా పైకే మాట్లాడేదాన్ని. బడికి పోతూ మాట్లాడేదాన్ని, గిన్నెలు తోముతూ మాట్లాడేదాన్ని. మొదట్లో ఆటలా ఉండేది. తర్వాత ఎప్పుడో ఆట కాకుండా పోయింది. లెక్కల పరీక్షలో భయం వేసినప్పుడు పెదవులు కదిపితే చాలు, పక్కన ఎవరో కాస్త జరిగి కూర్చున్నట్టు ఉండేది. అది నా ఊహ అని ఇప్పుడు ఎవరైనా అంటే వాదించను. కానీ ఉండేది.

చిన్న ఇంట్లో ముగ్గురు ఉంటూ ఇద్దరు రోజంతా దేవుడికి పైకే చెప్పుకుంటుంటే ఒకరి గుట్టు ఒకరికి తెలియకుండా ఎలా ఉంటుంది? దానికి అవ్వ ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు, ఆమే పెట్టింది. "నువ్వు ఆయనతోని మాట్లాడేటప్పుడు నేను గోడను. నేను మాట్లాడేటప్పుడు నువ్వు గోడవు. గోడ ఇనదు, అడగదు, చెప్పదు." నేను దాన్ని ఎంత గట్టిగా పాటించానో చెప్పాలి. అమ్మ బతికుండగా ఒకసారి కూర విషయంలో గొడవ వచ్చి, నీ నోట్లో మన్ను పడ అని అవ్వ తిట్టిందట. మూడు నెలలకే అమ్మకు జబ్బు చేసింది. ఆ సంగతి చెప్పుకుని అవ్వ బియ్యం చేట ముందు ఏడుస్తుంటే ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారి కూడా పలకలేదు, ఎందుకేడుస్తున్నావని అడగలేదు, బాపుకు చెప్పలేదు. పదేళ్ల పిల్లను, గోడలా కూర్చున్నాను. ఈ రోజు ఇక్కడ రాసి ఆ కట్టుబాటు తప్పుతున్నాను. తెలిసే తప్పుతున్నాను.

నా పని ఆసు పోయడం. బయటివాళ్ల కోసం చెప్తాను. ఒక చివర ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రంలా వరస మేకులు ఉన్న చట్రం ఒకటి ఉంటుంది. నూలు పోగును ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ పరవాలి. అలా పరిచిన నూలునే కట్టి రంగులో ముంచుతారు. ఒక చీరకు చెయ్యి అటూ ఇటూ లెక్కలేనన్నిసార్లు పోవాలి. కుడి భుజం మొదట నొస్తుంది, తర్వాత మంటగా ఉంటుంది, తర్వాత అది నీది కానట్టు వేలాడుతుంది. మా వాడ ఆడవాళ్లందరికీ ఆ భుజం ఉంది. అవ్వ భుజం పనికిరాకుండా పోయాక ఆ చట్రం నా ముందుకొచ్చింది. ఇంటర్ చదువుతూ, పొద్దున సాయంత్రం ఆసు ముందు నిలబడేదాన్ని. చెయ్యి పోయేటప్పుడు ఒక మాట, వచ్చేటప్పుడు ఒక మాట. అంత చక్కగా ప్రార్థన చేయడానికి వీలైన పని ఇంకొకటి లేదనుకుంటాను. సగం గోడ అవతల అవ్వ రాట్నం మీద కండెలు చుట్టేది. రాట్నం చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆమె అక్కడ ఉందని తెలుసు. గోడ అని కూడా తెలుసు. అందుకే ఏదీ దాచలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది నాకు పద్దెనిమిది. ఊళ్లో అందరూ ఒకరి మీద ఒకరు రంగు చల్లుకున్నారు, బాపు కూడా తడిసిన చొక్కాతో ఇంటికొచ్చాడు. ఇక అందరికీ మంచి రోజులొస్తాయన్న మాట గాలిలో ఉంది. నాకు కూడా తగిలింది. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయితో కలిసి ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. దవాఖానలో అవ్వ పక్కన కూర్చున్న ఆ పేరు తెలియని నర్సులా కావాలని చిన్నప్పటి నుంచి ఉండేది. నల్లగొండలో సీటు వచ్చింది. హాస్టల్‌లో ఉండాలి. ఆ వారం ఆసు ముందు నేను ఎలా మాట్లాడానో నాకు మాట మాటా గుర్తుంది. "యేసయ్యా, సీటొచ్చింది. బాపుకు ఎట్ల చెప్పాలె? అవ్వను ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె? పోవాలనే ఉన్నది. ఈ భుజం గుంజుతాంది, నాకు చాతనైతలేదు. నిన్న ఈ చట్రం ఇరిగిపోతే మంచిగుండు అనుకున్న. తప్పే. అవ్వ మీద గూడ కోపమొచ్చింది. ఏం చెయ్యాలెనో నువ్వే చెప్పు. చెప్తే ఇంట." రాట్నం ఆగకుండా తిరుగుతూనే ఉంది.

అవ్వతో నేను పోయే ప్రార్థన కూటం అప్పట్లో మండల కేంద్రంలో ఒక ఎరువుల దుకాణం వెనక కిరాయి గదిలో జరిగేది. యూరియా వాసనలోనే పాటలు, ప్రార్థన. పాస్టరు గారు నలభై ఏళ్ల మనిషి, మెల్లగా మాట్లాడేవాడు, అరిచేవాడు కాదు. అందుకే ఆయనంటే నమ్మకం. ఆ ఆదివారం వాక్యం అయ్యాక కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, "ఇక్కడ ఒక బిడ్డ ఉన్నది" అన్నాడు. "కుడి భుజం నొస్తాంది ఆమెకు. ఇంట్ల తెల్వకుండ ఒక దరఖాస్తు పెట్టింది. తన పనిముట్టు ఇరిగిపోవాలని గూడ మనసుల కోరుకున్నది. బిడ్డా, ప్రభువు అన్నీ ఇన్నడు. నీ మీద కోపం లేదు ఆయనకు. ఉన్న తాననే ఉండుమంటున్నడు. నీ ఇంటిని ఇడిచిపెట్టకు అంటున్నడు." నా పేరు తీయలేదు. నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? చట్రం విరగాలన్న మాట ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు నేను. ఒక్కరికే చెప్పాను.

నా జీవితంలో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు. పెళ్లి రోజు కాదు, కూతురు పుట్టిన రోజు కూడా దాని తర్వాతే. సీటు పోతుందన్న బాధ నాకు గుర్తుకే రాలేదు. ఏడేళ్ల వయసు నుంచి నేను మాట్లాడుతున్నది గాలితో కాదు, వింటున్న మనిషితో అని రుజువైంది కదా. నా ఆసు చప్పుడు కూడా విన్నాడు, నా చెడ్డ కోరిక కూడా విన్నాడు, విని కోపం లేదన్నాడు. ఇంటికొచ్చి అవ్వను పట్టుకుని, "అవ్వా, ఆయన ఇన్నడే! నిజంగ ఇన్నడు!" అని గదంతా తిరిగాను. కట్టుబాటు ప్రకారం ఏం విన్నాడని అవ్వ అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. సంతోషంతో అనుకున్నాను. హాస్టల్‌లో చేరాల్సిన చివరి తేదీ నాడు నేను పాటలు పాడుకుంటూ ఆసు పోశాను. నాతో దరఖాస్తు పెట్టిన అమ్మాయి బస్సెక్కి వెళ్లిపోయింది. ఆమె మీద నాకు జాలి కూడా కలిగింది, దేవుడు ఆమెతో మాట్లాడలేదని.

తర్వాత రెండేళ్లలో పాస్టరు గారి నోట అలాంటి మాటలు నాకు ఇంకో మూడుసార్లు వచ్చాయి. ప్రతిసారీ నేను ఆసు ముందు అన్న మాట ఏదో ఒకటి అందులో ఉండేది. ప్రతిసారీ విన్నాను. ఆ తర్వాత మా వాడకు ఆసు మిషన్లు వచ్చాయి. బాపు కూడా ఒకటి తెచ్చాడు. మీట నొక్కితే నాకు పూట పట్టే పని అది గంట లోపల చేసేసింది. నా చట్రాన్ని విప్పి వెనక దడికి ఆనించారు. ఉన్నచోటనే ఉండమన్న దేవుడికి ఈ మిషను వస్తుందని తెలియదా అన్న ప్రశ్న అప్పుడు నాకు మొదటిసారి వచ్చింది. దాన్ని పాపం అనుకుని ఆయనకే ఒప్పుకున్నాను. దూరవిద్యలో డిగ్రీ చేసి ప్రైవేటు బడిలో తెలుగు టీచరునయ్యాను. పాస్టరు గారు కుటుంబంతో వేరే జిల్లాకు వెళ్లిపోయారు. ఊరికి నల్లా నీళ్లొచ్చాయి, అవ్వ మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పెళ్లయి నేను నల్లగొండ వచ్చాను. ఇక్కడ కూడా వంటింట్లో ఆయనతో మాట్లాడుకుంటూనే ఉన్నాను.

ఐదేళ్ల కింద నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే పాస్టరమ్మ కనిపించింది. మా పాత పాస్టరు గారి భార్య. జుట్టు నెరిసింది, నన్ను తనే గుర్తుపట్టింది. హోటల్ ముందు బల్ల మీద కూర్చుని ఇద్దరం చాయ్ తాగాం. చాలా మంచి మనిషి. ఆమె మాటల్లో ఏ కుళ్లూ లేదు, అందుకే అన్నీ చెప్పేసింది.

"మీ అవ్వ ఎట్లున్నదమ్మా? పాపం, శుక్రవారం ఉపాస ప్రార్థనకు వచ్చినప్పుడల్లా నా దగ్గర కూసోని నీ గురించే ఏడ్చేది. 'పిల్ల నల్లగొండ పోతానంటాంది అమ్మగారూ, ఆసు కాడ నిలవడి ఆయనకు చెప్పుకుంటాంది, నేనింటున్న' అనేది."

నేను చాయ్ కింద పెట్టాను. "ఇంకేం చెప్పేది అమ్మగారూ?"

"అన్నీ చెప్పేది. నీ భుజం సంగతి, చట్రం ఇరిగిపోవాలంటున్నవని. అయ్యగారిని బతిమిలాడింది. 'నేను చెప్తే ఇనదు, మీ నోట చెప్తే ఇంటది, దేవుని మాట అంటే దాటదు' అన్నది. అయ్యగారు మొదలు వద్దన్నడు. ముసలామె కాళ్ల మీద పడ్డది. ఆ ముసలి ప్రాణం కోసమే గదా అని ఒప్పుకున్నడు." నా ముఖం చూసి ఆగింది. "నీకు తెల్వదా? నేను నీకెప్పుడో తెలిసే ఉంటదనుకున్న."

బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది, కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. తర్వాత నల్లగొండ బస్సు ఎక్కకుండా ఆటో ఎక్కి ఊరికి పోయాను. ఆటోలో నా పెదవులు అలవాటుగా కదలబోయాయి. చేత్తో గట్టిగా మూసుకున్నాను. పక్కన కూర్చున్నావిడ వాంతి వస్తుందేమోనని జరిగి కూర్చుంది.

అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. బాపు బజారుకు పోయాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను, "నేను ఆసు కాడ అన్నయన్నీ అయ్యగారికి చెప్పినవా?" అని. ఎప్పటి సంగతి అని అడగలేదు అవ్వ. మరిచిపోయినట్టు నటించలేదు. చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని, "చెప్పిన" అంది.

"గోడను అన్నవు గదా?"

"అన్న. నువ్వు పోతాననేదాక గోడనే. నువ్వు పోతానంటే గోడ ఎట్లుంటది?"

"ఆయన పేరు మీద అబద్ధమాడిపిస్తవా? నీ యేసయ్య పక్కనే కూసున్నడంటివి. ఆయన ముంగట ఎట్ల చెయ్యబుద్ధయింది?"

అవ్వ నా వైపు చూసింది. కోపం లేదు, సిగ్గు కూడా లేదు, అలసట ఉంది. "ముందుగాల ఆయనకే చెప్పిన బిడ్డా. దాన్ని ఆపు, నువ్వైతే దానికి చెప్పు, అని దినాం అడిగిన. పలుకలే. మీ అమ్మ పోయిన కాంచి మాట్లాడుతున్న. ఒక్కనాడు పలికిండా? పలుకడు. ఉంటడు, పలుకడు. పలికేదానివి నువ్వొక్కదానివే ఇంట్ల. నువ్వు పోతే నేను గోడలతోని మాట్లాడాలె."

"నాకు చెప్పకపోతివా, పోకు అని? నోరు ఉన్నది గదా?" అన్నాను. "చెప్తే ఉంటుంటివా?" అంది అవ్వ. ఉండేదాన్ని కాదు. అది మా ఇద్దరికీ తెలుసు. "నాకు పోయింది సీటు కాదే అవ్వా, ఆ ఆదివారం పోయింది. నా మాట ఆయన ఇన్నడు అనుకున్న గదనే!" అని అరిచాను. అరుగు మీద నిలబడి ఏడ్చాను. ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూసి మళ్లీ వేసుకున్నారు. అవ్వ లేచి రావాలని చూసింది, మోకాళ్లు లేవనీయలేదు. నేను ఆమెకు చెయ్యి ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి అవ్వ ఇంట్లో పైకి మాట్లాడడం మానేసింది. నేను మానమనలేదు. బాపు ఫోన్ చేసి, "మీ అవ్వకు ఏమాయెనో, నోరు తెరుస్తలేదు. పొయ్యి కాడ గూడ సప్పుడు లేదు. ఇల్లు ఇల్లులెక్క లేదు బిడ్డా" అన్నాడు. పక్షవాతం వచ్చిందేమోనని దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు అన్నీ బాగున్నాయన్నాడు. నేను పండగలకు వెళ్లినప్పుడు చూసేదాన్ని. చేటలో బియ్యం చెరుగుతూ నోరు తెరిచేది, నన్ను చూసేది, మూసుకునేది. చాప మీద పక్కకు జరగడం కూడా మానేసింది. నిజం రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను, మొదటి ఏడాది అది చూస్తే నాకు సంతోషంగా ఉండేది. నాకు లేనిది ఆమెకు మాత్రం ఎందుకుండాలి అనుకునేదాన్ని. తర్వాత సంతోషం పోయింది. కానీ మాట్లాడుకో అవ్వా అని అనలేకపోయాను. రెండు మాటల పని అది. నాలుగేళ్లు అనలేదు.

నేను మాత్రం ప్రార్థనను పూర్తిగా మానలేదు. మానేస్తే తేలికగా ఉండేది. కాలు తట్టుకుంటే, పాలు పొంగితే, కూతురికి జ్వరం వస్తే నోటిదాకా పేరు వస్తుంది. పళ్ల మధ్య ఆపేస్తాను. ఇప్పుడు ఫోన్‌లో పొద్దున ఐదు గంటలకే ప్రార్థనలు వచ్చి పడుతుంటాయి, దండం బొమ్మలు, గులాబీలు. ఏడు నిమిషాల్లో దేవుని సన్నిధి అని ఒకటి వచ్చింది మొన్న. మా అవ్వకు రోజంతా సరిపోయేది కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది మేలా, ఇది మేలా అని అడిగితే అదే మేలంటాను, మోసంతో సహా. అందులో కనీసం ఒక మనిషి ఇంకో మనిషి కోసం అంత పాడుపని చేసేంత ప్రేమ ఉంది. అయినా నా కూతురికి నేను ప్రార్థన నేర్పలేదు. తాత వాళ్ల ఊళ్లో ముసలవ్వ ఎందుకు మాట్లాడదని అది అడిగితే, ముసలితనం అన్నాను.

చివరి పదిరోజులు అవ్వ మంచాన పడింది. నూలు గదిలో, ఆసు మిషను జరిపి మంచం వేశారు. నేను బడికి సెలవు పెట్టి వెళ్లాను. గంజి తాగించేదాన్ని, పక్క మార్చేదాన్ని. ఆరో రోజు మధ్యాహ్నం, బాపు మగ్గం మీద ఉన్నాడు, అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "జర ఆయనతోని మాట్లాడు బిడ్డా. నాకు చాతనైతలేదు" అంది. నాకు రాదు అన్నాను. "వస్తది" అంది. చెయ్యి వదల్లేదు.

అప్పుడు నేను మాట్లాడాను. ఐదేళ్ల తర్వాత, పైకి, వినపడేటట్టు. అవ్వ కోసం చక్కటి మాటలు చెప్పాలనే నోరు తెరిచాను. వచ్చింది వేరే. "యేసయ్యా, ఉన్నవో లేవో నాకు తెల్వదు. ఈమెను నేను మాఫ్ చెయ్యలే. చేసిన అని అబద్ధం చెప్పను. నన్ను నీ పేరు మీద మోసం చేసింది. ఈమె నోరు మూసుకుంటే సంతోషపడ్డ, అది గూడ నిజమే. ఈమె పోతే నేను ఎవలతోని కొట్లాడాలె? ఈమెను మంచిగ సూసుకో." ఇంకా ఏదో అన్నాను, ఏడుపులో కలిసిపోయింది.

అవ్వ పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. గోడలా ఉంటుందనుకున్నాను. అలవాటు అదే కదా. కానీ తల నా వైపు తిప్పింది.

"ఇన్న బిడ్డా" అంది.

నా ప్రార్థనకు ఎవరైనా ఎదురుగా పలకడం నా జన్మలో అదొక్కసారే. నాలుగు రోజులకు అవ్వ పోయింది. నేను ఇంకా మాఫ్ చేయలేదు.